ఇనుము తినే గోదాం

బీర్పూర్ దాటి గోదావరి దిక్కు పోతుంటే, మక్క చేన్ల నడ్మ ఒక రేకుల గోదాం కనవడ్తది. ఇప్పుడు దాని మీద సగం రేకులు లేవు. అప్పుడు ఉండె. పొద్దుగూకినంక ఆ దారిన పోవాల్సి వస్తే ఎవ్వరు ఎన్కకు మర్రి చూడరు. బండి మీదున్నోళ్లు ఇంక జర గట్టిగ తోలుతరు, నడిచేటోళ్లు ఎవలన్న తోడు దొరికేదాక చెర్వు కట్ట కాడనే ఆగుతరు.

దాన్ని అందరు 'ఇనుము తినే గోదాం' అంటరు.

ఊకెనే అనలే ఆ మాట. ఆ షట్టర్‌కు తాళం ఏస్తే ఒక్క వానకాలం ఆగది, కొండి చేతికి ఊడొస్తది. షట్టర్ కింది అంచు ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులు రాలుతది. ఎవలో పెండ్లిళ్లకు కిరాయికిచ్చే ఇనుప పొయ్యిలు అండ్ల పెట్టిండ్రట... దసరా పోయినంక తీద్దామని చూస్తే పొయ్యిలకు కాళ్లు లేవు. కింద ఎర్రటి పొడి ఉన్నది. అంతే.

దానికెన్క ఒక చావు ఉన్నది.

ముందు అది ఎరువుల గోదాం. సాయిలు అని ఒక హమాలీ పనిచేసేటోడు. ఒకనాడు పొద్దుగూకంగ బస్తాల లాటు కూలి మీద పడ్డది. లోపట మనిషున్నడని ఎరుకలేక షట్టర్ గుంజి పోయిండ్రు. సాయిలు చేతిల బస్తాలు గుంజే కొక్కెం ఉండె. ఆ కొక్కెంతోని పక్కనున్న ఇనుప కంబాన్ని కొట్టుకుంట కొట్టుకుంట... తెల్లారేదాక కొట్టిండో, నడిజామునే పానం పోయిందో ఎవలకు తెల్వది. వాన పడుతుండె. చప్పుడు ఇన్నోళ్లు రేకు ఊగుతుందనుకున్నరు.

అప్పటిసంది సాయిలు అండ్లనే ఉన్నడంటరు. ఏ ఇనుము తనను బతికియ్యలేదో, ఆ ఇనుమునంత తింటుండంటరు.

నేను ఇవి నమ్మేటోన్ని కాదు. జగిత్యాలల నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉన్నది. నాకు ఈ ముచ్చట చెప్పినోడు కూడ నమ్మేటోడు కాదు. వాని పేరు జుబేర్. మాది కోరుట్లల ఒక్క బడి. వాడు హెలికాప్టర్ మెకానిక్. షార్జాల శాన ఏండ్లు చేసిండు, సముద్రం మీదికి పోయొచ్చే మిషన్ల పని. వాళ్లమ్మ అజీజాబీకి పానం బాగలేదని వచ్చేసి, ఇక్కడ ఒక ప్రైవేటు కంపెనీల చేరిండు.

వాడు నాతోని చెప్పింది చెప్పినట్టు మీకు చెప్తున్న.

*

ఆ కంపెనీకి కరెంటు పెద్ద లైన్లను పైనుంచి చూసొచ్చే పని దొరికింది. అడవి మీదికెళ్లి, గోదావరి మీదికెళ్లి తీగలు పోతయి కద... వాటిని హెలికాప్టర్ల తిరుక్కుంట చూడాలె. నలుగురు కూసునే చిన్న మిషన్. నిలుపుకోను జాగ కావాలె. ఈ గోదాం ఎవ్వలు కిరాయికి తీసుకుంటలేరు, ముందట ఇంత మైదానం ఉన్నది. తీసుకున్నరు.

పైలట్ వీరేందర్ సార్‌ది సిరిసిల్ల. నాయిన సాంచాల మీద బట్ట నేసినోడు. మాట తక్కువ మనిషి, మిషన్‌ల కూసుంటె మాత్రం చేతులు పూల మీద పెట్టినట్టు పెట్టేటోడట.

కావలికి రాజమల్లు అని బీర్పూర్ ఆయన. గౌండ్లాయన. తాటి చెట్టు మీదికెళ్లి పడ్డంక కాలు వంకర పోయి గీత పని ఇడిసిపెట్టిండు. జుబేర్ ఆయనను 'కాకా' అనేటోడు. రాజమల్లుకు ఒక్కతే బిడ్డ, సరిత. అల్లుడు శ్రీహరి. ఇద్దరు గోదావరి నడ్మ గడ్డ మీద మేకలు మేపేటోళ్లు. నీళ్లు తక్కువున్న దినాలల్ల తెప్ప మీద మేకలను దాటిచ్చి, అక్కడనే గుడిసె ఏసుకొని ఉండేటోళ్లు.

రాజమల్లు మొదటి దినమే చెప్పిండట... జుబేర్ సాబ్, పానాలు, సుత్తెలు గిట్ల ఈడ పెట్టి పోకుండ్రి, సాయిలు ముట్టుకుంటడు అని.

జుబేర్ నవ్విండు. షార్జాల సముద్రపు గాలి ఇంతకంటె ఎక్కువ తింటుండె అన్నడు. వాడు చేసేది చేసేటోడు. మిషన్ వచ్చినప్పుడల్ల మంచి నీళ్లతోని పైకెళ్లి కిందిదాక కడిగేది, బట్టతోని తుడిచేది, సందులల్ల గాలి కొట్టేది, కీలు కీలుకు సన్నగ నూనె పూసేది. నీళ్లు కారిపోను అడుగున సన్నటి బొక్కలుంటయి, వాటిని పుల్లతోని పొడిసి చూసేది. రంగు ఎక్కడన్న బుగ్గ లెక్క లేసిందా అని ఏలుతోని తడిమేది.

"ఇనుముకు ఎర్రగ పడ్తది కాబట్టి కండ్లకు దొరుకుతది," అన్నడు నాతోని. "అల్యూమినియానికి తెల్లగ పడ్తది, అది కూడ రంగు కింద. మీదికి నున్నగ మెరుసుకుంట లోపట పిండైతది."

*

శ్రావణం వచ్చింది. వాన పట్టింది.

పట్టింది అంటే... ఇడుపు లేదు. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తిండ్రు. పొద్దటికి మోకాలి మట్టం ఉన్న పాయ పగటాల్లకు మనిషిని ముంచేటట్టయ్యింది. సరిత, శ్రీహరి మేకలను ఇవుతలికి దాటిద్దామని తయారయ్యేసరికి తెప్ప కొట్టుకపోయింది.

పొద్దుగూకంగ రాజమల్లుకు బిడ్డ ఫోన్ చేసింది. జుబేర్ పక్కకే ఉన్నడు, ఫోన్ల మాట బయటికి ఇనవడ్డది.

"బాపూ... గుడిసెలకు నీళ్లచ్చినయి. మేం తుమ్మచెట్టు కాడున్నం."

రాజమల్లు ఫోన్‌ను చెవికి ఇంక గట్టిగ ఒత్తుకున్నడు.

"బాపూ, మీ ఎలికాప్టరు అస్తదా?"

రాజమల్లు జుబేర్ దిక్కు చూసిండు. జుబేర్ తల ఊపిండు.

"అస్తది బిడ్డ," అన్నడు రాజమల్లు. "తెల్లారంగనే అస్తది. చెట్టు ఇడువకు."

ఫోన్ కట్టయ్యింది. మళ్ల చేస్తే కలువలే.

ఆఫీసర్ల కాడికెళ్లి కూడ కంపెనీకి ఫోన్ పోయింది. పెద్ద హెలికాప్టర్ దూరంకెళ్లి రావాలె, మబ్బు తెరిపియ్యాలె, పడవలు ఆ పోటుల ఆగయి. దగ్గరున్నది ఇదొక్కటే. చీకట్ల, గంత వానల ఎగురుడు కాదు, మొదటి వెలుగుకు లేవాలె అనుకున్నరు. వీరేందర్ సార్ బీర్పూర్ల రూముకు పోయి జర కన్నుమూసి వస్తనన్నడు. పైలట్‌కు నిద్ర లేకుంటె అది ఇంకో ప్రమాదం. జుబేర్ మిషన్ తయారు చెయ్యాలె.

గోదాంల మిగిలింది ఇద్దరు. జుబేర్, రాజమల్లు.

*

కరెంటు పోయింది. రేకుల మీద వాన... మాట మాటకు ఇనవడ్తలేదు. లోపట పాత ఎరువు వాసన. వానకాలం ఆ వాసన ఇంక లేస్తది, ముక్కుల కారం కొట్టినట్టుంటది.

రాజమల్లు టార్చి పట్టుకున్నడు. జుబేర్ ముందటికెళ్లి ఎన్కదాక ఒక్కొక్కటి చూసుకుంట వచ్చిండు. ఇంజన్ నూనె చూసిండు. స్టిక్ అటు ఇటు ఊపితే పైన పెద్ద పంక రెక్కల వాలు మారుతుందా చూసిండు. పెడల్లు తొక్కి, రాజమల్లును తోక కాడ నిలవెట్టి, చిన్న పంక రెక్కలు కదిలినయా అని అడిగిండు. కదిలినయన్నడు.

అంత మంచిగనే ఉన్నది. జుబేర్ చేతులు తుడుసుకొని బస్తా మీద కూసున్నడు. చాయ్ సీసాల కొంచెం ఉండె, చెరి ఇంత పోసిండు. రాజమల్లు ముట్టలే.

అప్పుడు...

టక్.

జుబేర్ తల ఎత్తిండు.

టక్... టక్...

రాజమల్లు టార్చి పైకెత్తిండు. వెలుగు గోడ మీద అటు ఇటు పాకుతుంది.

"సాయిలు," అన్నడు, మెల్లగ.

రేకు అయ్యుంటది కాకా అన్నడు జుబేర్. కాని వాడు చెవి పెట్టి ఇన్నడు. రేకు చప్పుడు గట్లుండది, రేకు దడదడ అంటది. ఇది సన్నగ, ఆగి ఆగి... లోపటికెళ్లి కొట్టినట్టు. ఇనుప కంబాల దిక్కు కాదు. కంబాల దిక్కు అయితే జుబేర్ లేవకపోవును.

మిషన్ తోక లోపటికెళ్లి వస్తుంది.

వాడు లేసిండు. రాజమల్లు చెయ్యి పట్టుకొని గుంజిండు.

"పోకు కొడుకా. పిలుస్తుండు."

జుబేర్ మొదటిసారి భయపడ్డడట. నాతోని దాసుకోకుంట చెప్పిండు. షార్జాల, సముద్రం నడ్మ, గాలివానల పని చేసినోడు... అడుగు ముందటికి ఎయ్యకుంట ఆగిండు. అయినా రేపు పొద్దుగాల ఆ మిషన్‌ల ఒక మనిషి కూసుంటడు, ఇంకో ఇద్దరిని ఎక్కిచ్చుకుంటడు. చప్పుడు ఇని కూడ చూడకుంట ఎట్ల ఉంటరు?

తోక పక్కకు ఒక మూత ఉంటది. పెద్ద చెకింగ్ అప్పుడు తప్ప దాన్ని ఎవ్వలు తియ్యరు. స్క్రూలన్ని ఇప్పి మూత తీసిండు. టార్చి లోపటికి కొట్టమన్నడు. రాజమల్లు ఉన్న కాడికెళ్లే, మొఖం పక్కకు తిప్పుకొని, చెయ్యి చాపి పట్టిండు.

లోపట ఒక పొడుగు అల్యూమినియం రాడ్డు. పెడల్ తొక్కితే ఆ తొక్కుడును తోక పంక దాక మోసుకపోయేది అదే. ఆకుపచ్చ రంగు, నున్నగ మెరుస్తుంది. మచ్చ లేదు.

చప్పుడు ఆగింది.

జుబేర్ మూత పెట్టి స్క్రూలు బిగిద్దామని పట్టిండు...

టక్.

వాని ఏలి కిందనే. మూత రేకు అదిరింది. లోపటికెళ్లి ఎవలో ఏలితోని తట్టినట్టు.

రాజమల్లు టార్చి ఇడిసిపెట్టి బయటికి నడిచిండు. వాన్ల నిలవడ్డడు. జుబేర్ ఒక్కడే చీకట్ల మిగిలిండు. టార్చి కింద పడి దొర్లి, పంక నీడను పైన రేకుల మీద ఇంత పెద్దగ పరిసింది.

వాడు మళ్ల మూత తీసిండు. ఈసారి కండ్లతోని చూడలే. చెయ్యి లోపటికి పెట్టి, రాడ్డు కింది దిక్కు, చూపు ఆనని కాడ తడిమిండు.

బియ్యపు గింజల అసుంటి బుగ్గలు.

బొటనేలు పెట్టి ఒత్తిండు. రంగు చిట్లింది. ఏలు లోపటికి దిగింది. చెయ్యి బయటికి తీస్తే... అరచేతి నిండ తెల్లటి పొడి.

*

వాడు టార్చి ఎత్తుకొని ఆ పొడిని మళ్ల చూసిండు.

నేను అడిగిన, ఏమనుకున్నవ్ అప్పుడు అని. ఆ చిన్న పంక లేకుంటె ఏమైతదో ముందు చెప్పిండు... పైన పెద్ద పంక ఒక దిక్కు తిరుగుతుంటె, మిషన్ దానికి ఉల్టా తిరగాలని చూస్తది. తోక పంక దాన్ని ఆపి పట్టుకుంటది. ఆ రాడ్డు గాలిల ఇరిగితే పెడల్లు ఉత్తగ ఆడుతయి, మిషన్ బొంగరం తిరిగినట్టు తిరుక్కుంట పడ్తది.

"ఆ మూత నేను మళ్ల తీసిన సంగతి ఎవ్వలకు తెల్వది," అన్నడు తర్వాత. "పెట్టి బిగిస్తే అయిపోతుండె. పోయి రాను పది నిమిషాలు. రాడ్డు ఆగితే ఆగుతుండె."

వాడు మూత పెట్టలే. బోల్టులు ఇప్పి రాడ్డు బయటికి తీసి, కింద బస్తా మీద పండవెట్టిండు. బయటికి పోయి వాన్ల నిలవడ్డ రాజమల్లు పక్కకు నిలవడ్డడు.

"కాకా... మిషన్ లేవది."

రాజమల్లు అర్థం కానట్టు చూసిండు. జుబేర్ అరచెయ్యి చూపెట్టిండు. వానకు ఆ తెల్లటి పొడి పాల లెక్క కారిపోయింది.

ఏరే రాడ్డు ఇక్కడ లేదు. హైదరాబాద్‌ల కూడ లేదు. ఎక్కడికెళ్లో తెప్పియ్యాలె. ఆఫీసర్లకు ఫోన్ చేసి, మా మిషన్ రాదు, పెద్దదాన్ని పిలిపియ్యుండ్రి, పడవలను దగ్గరికి తెచ్చి పెట్టుండ్రి అని జుబేర్ చెప్పిండు. చెప్తుంటె రాజమల్లు ఇనుకుంట ఉన్నడు.

*

మబ్బుల ఎన్క జర తెల్లగయ్యేసరికి వీరేందర్ సార్ వచ్చిండు. రెయిన్‌కోటు ఇప్పకముందే సంగతి అర్థమయ్యింది. రాడ్డు దగ్గరికి పోయి వంగి చూసిండు. గోటితోని గీరిండు.

ఎంతసేపు ఆగుతది అని అడిగిండు. జుబేర్ తెల్వదన్నడు. గడ్డ దాక పోయి రాను ఆగొచ్చు, లేవంగనే పోవచ్చు.

"బిగియ్యి," అన్నడు వీరేందర్ సార్. "నేనొక్కన్నే పోత. నీకు సంబంధం లేదు, నేనే చెప్పిన అని చెప్త."

"నేను బిగియ్య సార్."

"జుబేర్ భాయ్, అక్కడ ఇద్దరున్నరు."

జుబేర్ తల వంచుకున్నడు. బిగియ్య అన్నడు మళ్ల.

వీరేందర్ సార్ తనే పానా తీసుకున్నడు. ఆయనకు పని కొంచెం తెలుసు. రాడ్డు ఎత్తనీకి వంగిండు... అప్పటికే రాజమల్లు వచ్చి రాడ్డు చేతిల పట్టుకున్నడు. ఆయన కుంటుకుంట ఎప్పుడు వచ్చిండో ఇద్దరు చూడలే.

తన బిడ్డ దగ్గరికి పోను ఉన్న ఒక్క దారి ఆ రాడ్డు. దాన్ని ఆయన మోకాలికి అడ్డం పెట్టుకున్నడు. రెండు చేతులతోని ఒత్తిండు.

చెరుకు గెడ ఇరిగినట్టు ఇరిగింది. పెద్ద జోరు కూడ చెయ్యలే.

రెండు ముక్కలు కింద పెట్టి, చేతులు ధోతికి తుడుసుకున్నడు.

"నా బిడ్డను ఎక్కిచ్చుకున్నంక ఇరిగితే, కెప్టెన్ సారూ... దాన్ని రెండుసార్లు సంపినట్టు కాదా?"

వీరేందర్ సార్ చేతిల పానా జారి కింద పడ్డది.

అంతకెన్క ముగ్గురు గోదావరి ఒడ్డుకు పోయిండ్రు. ఒడ్డు అంటే ఒడ్డు లేదు, మక్క చేన్లల్లకే వచ్చినయి నీళ్లు. దూరంగ గడ్డ ఉన్న కాడ తుమ్మచెట్టు కొన ఒక్కటి కనవడ్తుంది. ఆడ మనిషున్నడో కొమ్మనో తెలుస్తలేదు. రాజమల్లు నోటి కాడ చేతులు పెట్టి పిలిచిండు. ఆ హోరుల ఆయన పిలుపు ఆయనకే ఇనరాలే.

పగటాల్లకు పోటు జర తగ్గి పడవ పోయింది. చెట్టు మీద శ్రీహరి ఒక్కడే ఉన్నడు. కొమ్మకు చీరతోని కట్టేసుకొని ఉన్నడు. సరితనే కట్టిందట, తన చీర కొంగు చింపి. తెల్లారకముందే ఆమె కూసున్న కొమ్మ ఇరిగింది.

ఆమె వెల్గటూర్ దగ్గర దొరికింది. నీళ్లు తీసినంక.

*

కొత్త రాడ్డు వచ్చేసరికి వానలు ఎన్కకు పట్టినయి. ఆ నడ్మ జుబేర్ గోదాంను ఇడిసిపెట్టలే. ఏం తింటుందో తేల్చాలె అని పట్టుకున్నడు.

ఒకనాడు నేల గీరి చూస్తే సిమెంటు పగుళ్లల్ల, గోడల అడుగున, ఎర్రగ తెల్లగ పెళ్లలు దొరికినయి. నాలుకకు పెట్టుకుంటె ఉప్పగున్నది. పొటాష్. ఏండ్ల కింద పలిగిన బస్తాలది, నేలల ఇంకిపోయి ఉన్నది. పొటాష్ అంటే ఉప్పు అసుంటిదే. వానకాలం చెమ్మ పట్టి గాలిల కలుస్తది, ఏడ ఇనుముంటె ఆడ కూసుంటది. షార్జాల సముద్రం చేసే పనినే ఇక్కడ ఈ గోదాం చేస్తుంది. హెలికాప్టర్ బయట ఎంత కడిగినా, తోక లోపట ఒక మూల నీళ్లు కారే బొక్క దుమ్ముతోని మూసుకపోయి, ఆ ఉప్పు చెమ్మ రాడ్డు కిందికే నిలిచింది.

చప్పుడుకు కూడ వానికి ఒక కారణం దొరికింది. రాడ్డు సన్నవడి కీలు కాడ వదులైంది. షట్టర్ సందులకెళ్లి గాలి కొట్టినప్పుడల్ల పోయి పక్క రేకుకు తగులుతుంది. టక్ టక్.

ఇవన్ని రాజమల్లుకు చెప్పిండు. ఆయన నిమ్మళంగ ఇన్నడు. బిడ్డ పోయినంక కూడ ఆయన కావలి మానలే. ఇంట్ల ఉండబుద్ధి కాదు అనేటోడు.

"అయితే ఇన్నేండ్లు సాయిలును ఉత్తగనే తిట్టినం అన్నట్టు," అన్నడు.

తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని షట్టర్ కాడికి నడిచిండు.

కంపెనీ ఆ గోదాంను ఇడిసిపెట్టాలని అనుకున్నది. మిషన్‌ను బయట మైదానంల పెట్టి, మూలమూలకు ఇప్పి కడిగి, కొత్త రాడ్డు ఏసి, కింద నడిపి, జర లేపి దించి, అంత బరాబర్ అయినంక జగిత్యాలకు తీసుకపోవుడు అని తేలింది. ఆ పనంత అయ్యేసరికి పొద్దుగూకే యాల్ల అయ్యింది. జగిత్యాల ఎంత దూరం, వెలుగుండంగనే పోతం అన్నడు వీరేందర్ సార్. జుబేర్ ఆయన పక్క సీట్ల కూసున్నడు. రాజమల్లు మైదానం చివరకు నిలవడి చూస్తుండు.

లేసిండ్రు.

రెండు సీట్ల ముందట రెండు జతల పెడల్లుంటయి. లోపట రెండు కలిసే ఉంటయి... ఒకటి తొక్కితే రెండోది కూడ దిగుతది. గోదావరి కనవడేంత ఎత్తుకు పోయి జగిత్యాల దిక్కు తిరుగుతుండంగ, చెవులకు పెట్టుకున్న దాంట్ల వీరేందర్ సార్ గొంతు వచ్చింది.

"భాయ్... పెడల్ మీదికెళ్లి కాలు తియ్యి."

జుబేర్ కాళ్లు అప్పటికే సీటు కిందికి ముడుసుకొని ఉన్నయి. వంగి చూపెట్టిండు.

వీరేందర్ సార్ తన కాళ్లు కూడ మెల్లగ ఎన్కకు తీసుకున్నడు.

ఎడమ పెడల్ దిగే ఉన్నది. రెండు దిక్కుల. మిషన్ మూతి మెల్లగ... చాన మెల్లగ... గోదావరి దిక్కు తిరిగింది. గాలి అనుకుందామంటె గాలి లేదు. కింద ఇటుక బట్టీ పొగ నిలువు గుంజ లెక్క లేస్తుంది. మూతి తిరిగి తిరిగి, గడ్డ మీది తుమ్మచెట్టు అద్దం నడ్మకు వచ్చినంక ఆగింది.

పెడల్ పైకి వచ్చింది.

వీరేందర్ సార్ అప్పుడు కాళ్లు పెడల్ల మీద పెట్టి, మూతి తిప్పకుంట, సక్కగ గడ్డ దిక్కే పోనిచ్చిండు.

గడ్డ మీద ఇసుక ఆరి ఉన్నది. ఇరిగిన కొమ్మ తుమ్మచెట్టుకు ఇంకా ఏలాడుతుంది. దిగిండ్రు. పంక తిరుగుతనే ఉన్నది. జుబేర్ దిగి, ఎన్క తలుపు తీసిండు. కొద్దిసేపు పట్టుకొని నిలవడ్డడు. తనకు తానే సిగ్గయినట్టయ్యి తలుపు ఏసి వచ్చి కూసున్నడు.

మళ్ల లేస్తుంటె వీరేందర్ సార్ ముందట ఇంజన్ జోరు చూపెట్టే ముల్లు దిక్కు చూసి, జుబేర్ దిక్కు చూసిండు. మిషన్ బరువుగ లేస్తుంది. ఇద్దరిని కాదు, ముగ్గురిని మోసినట్టు.

జగిత్యాల దిక్కు పోలే వాళ్లు. గోదాం దిక్కే మర్రిండ్రు.

రాజమల్లు ఉన్న కాడనే ఉన్నడు. మిషన్ దిగుతుంటె ఎవలన్న ఎన్కకు ఉరుకుతరు... ఆయన కుంటుకుంట ముందటికే వచ్చిండు. జుబేర్ దిగి ఎన్క తలుపు తీసిండు. సీటు ఖాళీగ ఉన్నది. ఏం చెప్పాలె, ఎందుకు వచ్చినం అని చెప్పాలె?

రాజమల్లు ఆ ఖాళీ తలుపు దిక్కు చూసిండు. భుజం మీది తువ్వాల తీసి, వాన్ల తడిసి వచ్చినోళ్లకు ఇచ్చినట్టు, చేతుల మీద పరిసి ముందటికి చాపిండు.

పంక గాలికి మైదానంల గడ్డి మొత్తం నేలకు పండుకున్నది. దుమ్ము లేసింది. రాజమల్లు అంగి, ధోతి దడదడ కొట్టుకుంటున్నయి. జుబేర్ కండ్లు తెరువలేక చెయ్యి అడ్డం పెట్టుకొని చూసిండు.

ఆయన చేతుల మీది తువ్వాల మాత్రం కదల్లే. తడిబట్ట లెక్క, నిలువుగ, కిందికే ఏలాడింది.